రాత్రి పూట పాటలు, అంతరిక్షం వీడియోలు, రాబోయే సినిమాలు: మన సరిహద్దు ఊళ్లలో ఎవరేం చూస్తున్నారు?

రాయగడ సీ షిఫ్టు · 6 డిసెంబరు 2025, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. రాయగడ దగ్గర ఒక మిల్లులో నా పని. నెలలో పది రోజులు సీ షిఫ్టు పడుతుంది, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా. మెషీన్ దగ్గర ఫోన్ ముట్టుకోకూడదు, అది మంచి నియమమే. రెండింటికి టీ కోసం అరగంట ఇస్తారు. ఆ అరగంటలో నేను చూసేది ఒక్కటే, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వచ్చే లైవ్.

అందులో కథ ఏమీ ఉండదు. కింద భూమి తిరుగుతూ ఉంటుంది, అంతే. కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. గంటన్నరకు ఒక చుట్టు. లెక్క వేసుకుంటే నా ఒక్క షిఫ్టులో అక్కడ ఐదుసార్లు తెల్లవారుతుంది. మొదట్లో తెర నల్లబడితే నెట్ పోయిందనుకునేవాణ్ణి. కేంద్రం భూమికి రాత్రి వైపు వెళ్లిందన్నమాట. కాసేపటికి అంచున సన్నటి నీలం గీత వస్తుంది, ఆ వెంటనే వెలుగు. ఆ గీత చూసి లోపలికి వెళ్తే మిగిలిన మూడున్నర గంటలూ ఇట్టే గడిచిపోతాయి.

పొద్దున ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు మాత్రం ఘంటసాల పాటలు. మా నాన్న రేడియో సిలోన్ పట్టుకోవడానికి ఏరియల్ తీగని చింతచెట్టుకి కట్టేవాడు. ఇప్పుడు ఏ పాట కావాలన్నా చేతిలోనే ఉంది.

మీరంతా ఏం వింటున్నారు, ఏం చూస్తున్నారు? సైన్సు ఫిక్షన్, ఫాంటసీ సినిమాల్లో దేనికోసం ఎదురుచూస్తున్నారు? రాయండి, టీ టైములో చదువుకుంటాను.

పర్లాకిమిడి హార్మోనియం · 6 డిసెంబరు, ఉదయం 9:25

బాబూ, సిలోన్ పేరెత్తి నాకు నలభై ఏళ్లు వెనక్కి చూపించావు. నేను పిల్లలకి సంగీతం చెబుతాను. ఆన్‌లైన్‌లో పాత పాటలు వింటాను, వినమనీ చెబుతాను. కానీ ఒక బాధ ఉంది, చెప్పాలి.

పాత పాట ఒకటి పెట్టి హార్మోనియం మీద శ్రుతి కలపబోతే కలవదు. మొదట నా పెట్టే చెడిందనుకున్నాను. తర్వాత అదే పాట ఇంకో నాలుగు చోట్ల విన్నాను. నాలుగింటిలో మూడు శ్రుతులు! హక్కుదారుల యంత్రాలు పట్టుకోకుండా కొందరు పాటను కొంచెం వేగం పెంచి పెడుతున్నారు. పాత క్యాసెట్టు నుంచి ఎక్కించేటప్పుడు టేపు వేగం తేడా ఉన్నా ఇదే జరుగుతుంది. వేగం పెరిగితే శ్రుతి పెరుగుతుంది, గొంతు సన్నబడుతుంది. ఘంటసాల గారి గొంతులోని ఆ బరువు పోయాక ఇంకేం మిగిలింది? పిల్లలు ఆ సన్నటి గొంతునే ఆయన గొంతు అనుకుంటున్నారు, నన్ను కుంగదీసేది అదే.

కాబట్టి కంపెనీ వాళ్లు స్వయంగా పెట్టిన ప్రతినే వినండి. రెండు మూడు ప్రతులుంటే నిడివి పోల్చండి. పది సెకన్లు తక్కువుంటే అనుమానించండి.

బరంపురం రిపేరు షాపు · 6 డిసెంబరు, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, నిడివి పోల్చమన్న మాట మా షాపుకి వచ్చేవాళ్లకి కూడా చెబుతాను. నాకు తెలిసిన లెక్కలు నేను చెబుతా.

పాటకి 128 కేబీపీఎస్ నాణ్యత అంటే నిమిషానికి సుమారు ఒక ఎంబీ. నాలుగు నిమిషాల పాటకి నాలుగు ఎంబీ. అదే పాటను వీడియోగా పెద్ద తెర నాణ్యతలో పెట్టి ఫోన్ జేబులో వేసుకుంటే, చూడని బొమ్మకి పదింతలు ఖర్చవుతుంది. రోజూ సాయంత్రానికి డేటా అయిపోయిందని వచ్చేవాళ్లలో సగం మంది చేసేది ఇదే. పాటల యాప్ వేరుగా పెట్టుకోండి, ఇంట్లో వైఫై ఉన్నప్పుడు దించుకోండి. సీ షిఫ్టు అన్నా, మీ దారిలో కొండల మధ్య సిగ్నల్ పోతుంది కదా, మీకు ఇది మరీ అవసరం.

ఇంకొకటి. ఖరీదైన బ్లూటూత్ ఇయర్‌ఫోన్ లేదని బాధపడొద్దు. పాత పాటలకి మంచి వైరు ఇయర్‌ఫోన్ చాలు.

అంతరిక్షం అంటే నాకు గుర్తొచ్చేది 2023 ఆగస్టు 23 సాయంత్రం. చంద్రయాన్-3 దిగుతోంది. షాపు ముందు ముప్పై మంది దాకా నిలబడ్డారు. ఒడియా వాళ్లు, మనవాళ్లు, ఆటో వాళ్లు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు. ఆ లైవ్‌ని ఒకేసారి 80 లక్షల మంది చూశారట. ఆఖరి రెండు నిమిషాల్లో మా తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది. ఎవరో తన ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు, అందరం ఆ చిన్న తెర కిందకి చేరాం. 6 గంటల 4 నిమిషాలు. తర్వాత వచ్చిన అరుపుకి ఎదురు మిఠాయి కొట్టాయన రసగుల్లాల గిన్నె పట్టుకుని బయటికి వచ్చేశాడు. డబ్బులు తీసుకోలేదు.

సిరొంచ ఒడ్డు · 6 డిసెంబరు, రాత్రి 8:40

నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. మీరంతా లైవ్‌లో చూసినవి చెబుతున్నారు, నేను ఫోన్ లేకుండా చూసింది చెబుతా.

2022 ఏప్రిల్ 2, ఉగాది. మాకు గుడి పాడ్వా కూడా అదే రోజు. రాత్రి ఎనిమిది కావస్తోంది. పచ్చడి గిన్నెలు కడుగుతూ వాకిట్లో ఉన్నా. మా తమ్ముడు కేకేశాడు. ఆకాశంలో నిప్పుల వరస, ఒకదాని వెనక ఒకటి, ముందు పెద్దవి, వెనక చిన్నవి. ఉల్కలా చటుక్కున పోలేదు. మెల్లగా, చప్పుడు లేకుండా, వాడకట్టంతా బయటికి వచ్చి చూసేంత సేపు పోయింది. మా అమ్మమ్మ చేతులు జోడించింది. పండగ రోజు కాబట్టి మంచిదే అయ్యుంటుంది అన్నది.

ఆ రాత్రి నుంచే నేను ఈ వీడియోలు చూడడం మొదలుపెట్టా. అదేమిటో తెలుసుకోకుండా ఉండలేకపోయా.

చంద్రపూర్ బొగ్గుగని · 6 డిసెంబరు, రాత్రి 10:15

సిరొంచ అక్కా, అది మా జిల్లాలోనే పడింది! సిందేవాహి తాలూకా లాడ్‌బోరీ ఊళ్లో ఇళ్ల మధ్య ఖాళీ జాగాలో సుమారు మూడు మీటర్ల వెడల్పున్న లోహపు చక్రం దొరికింది. చుట్టుపక్కల ఊళ్లలో గుండ్రటి ట్యాంకుల్లాంటివి కూడా. చైనా రాకెట్ లాంగ్ మార్చ్ 3బీ మూడో అంచె అది, అంతకు ముందు ఏడాది ఎగిరిందని నిపుణులు తేల్చారు. ఇస్రో వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మెల్లగా పోయిందన్నారు చూడండి, గుర్తు అదే. ఉల్క సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో వస్తుంది, ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. కక్ష్య నుంచి జారిన రాకెట్ ముక్క సెకనుకు ఎనిమిది కిలోమీటర్లకు లోపే, అదీ దాదాపు అడ్డంగా. అందుకే అంతసేపు కనిపిస్తుంది.

సినిమాల సంగతి రేపు రాస్తా, చాలా ఉంది.

గుణుపురం అమ్మ · 7 డిసెంబరు, మధ్యాహ్నం 2:30

ఇక్కడ పెద్దవాళ్లు ఉన్నారని అడుగుతున్నాను. మా బాబుకి తొమ్మిదేళ్లు. వాడికి అంతరిక్షం వీడియోలంటే ప్రాణం. వారం రోజులుగా రాత్రి లైటు తీయనివ్వడం లేదు. కారణం నిన్న చెప్పాడు. డిసెంబరు 19న ఏదో తోకచుక్క భూమి దగ్గరికి వస్తోందని, అది తోకచుక్క కాదు గ్రహాంతరవాసుల ఓడ అని, ప్రభుత్వాలు దాస్తున్నాయని ఒక వీడియో. తెలుగులోనే ఉంది, గొంతు కూడా గంభీరంగా ఉంది. లక్షల మంది చూశారు. వాడికి ఏం చెప్పాలో తోచలేదు. అబద్ధం అని కొట్టిపారేస్తే వాడు నమ్మడు, లెక్క చెప్పమంటాడు. టెన్షన్‌గా ఉంది.

కొరాపుట్ సైన్సు టీచర్ · 7 డిసెంబరు, సాయంత్రం 5:50

అమ్మా, లెక్క అడిగే పిల్లవాడు దొరకడం అదృష్టం. ఇది వాడి పక్కన కూర్చుని చదవండి.

బాబూ, నువ్వు విన్న తోకచుక్క నిజంగానే ఉంది. పేరు 3ఐ అట్లాస్. 2025 జులై 1న కనిపెట్టారు. పేరులో 3 ఎందుకంటే, మన సూర్యకుటుంబం బయటి నుంచి వచ్చినట్టు మనకు తెలిసిన వాటిలో ఇది మూడోది. మొదటిది 2017లో, రెండోది 2019లో కనిపించాయి. డిసెంబరు 19న భూమికి దగ్గరగా రావడం కూడా నిజమే. ఇప్పుడు ఆ ‘దగ్గర’ ఎంతో చూద్దాం. సుమారు 27 కోట్ల కిలోమీటర్లు. చంద్రుడు మనకు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. భాగించి చూడు, దాదాపు 700 వస్తుంది. అంటే చంద్రుడికన్నా 700 రెట్లు దూరం. సూర్యుడికన్నా కూడా దూరమే. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్లు కదా.

అది ఓడ కాదు. సూర్యుడి వేడికి దాన్నుంచి వాయువు, దుమ్ము లేచాయి, వాటిని పరికరాలతో కొలిచారు. తోకచుక్కలు చేసే పని అదే. నవంబరు 19న నాసా వాళ్లు ఫోటోలన్నీ బయటపెట్టి ఇదే చెప్పారు.

పెద్దవాళ్లకి రెండు మాటలు. నేను వీడియో తెరవగానే చూసేది మూడు విషయాలు. బొమ్మ ఏ దూరదర్శినితో తీశారో చెప్పారా? దూరం అంకెల్లో చెప్పారా, లేక ‘అతి దగ్గరగా’ అని ఊరుకున్నారా? ఆ తోకచుక్క మీద కిటికీలు, లైట్లు కనిపిస్తున్నాయా? అసలు ఫోటోల్లో అది మసక చుక్క మాత్రమే. అంత స్పష్టంగా ఉంటే కంప్యూటర్‌లో చేసిన బొమ్మే. పిల్లల్ని భయపెట్టి చూపులు రాబట్టుకోవడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. మా బడిలోనూ ఇద్దరు పిల్లలు ఇదే అడిగారు.

గుణుపురం అమ్మ · 7 డిసెంబరు, రాత్రి 9:20

టీచరుగారూ, వాడే భాగించాడు. 703 వచ్చిందట, మీరు దాదాపు అన్నారు కాబట్టి సరేనన్నాడు. లైటు తీసి పడుకున్నాడు. మీకు ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియడం లేదు.

పర్లాకిమిడి హార్మోనియం · 8 డిసెంబరు, ఉదయం 8:00

టీచరుగారూ, నాకూ ఒక సందేహం. కృష్ణబిలం (బ్లాక్ హోల్) పాడుతోందని ఒక వీడియో విన్నాను. గాలి లేనిచోట నాదం ఎలా పుడుతుంది? అది కూడా దొంగదేనా?

కొరాపుట్ సైన్సు టీచర్ · 8 డిసెంబరు, సాయంత్రం 6:30

మాస్టారూ, అది దొంగది కాదు, కానీ మనం విన్నది అది పలికిన స్థాయిలో కాదు. పెర్సియస్ అనే గెలాక్సీల గుంపులో మధ్యనున్న కృష్ణబిలం చుట్టూ వేడి వాయువు నిండి ఉంది. పూర్తిగా శూన్యం కాదు కాబట్టి ఒత్తిడి అలలు అందులో పాకుతాయి. 2003లో వాటిని గుర్తించారు. ఒక్కో అల దాటడానికి దాదాపు కోటి ఏళ్లు పడుతుంది. హార్మోనియం నడిమి సా కన్నా 57 స్థాయిలు (ఆక్టేవులు) కింద! 2022లో నాసా ఆ అలల్ని 57, 58 స్థాయిలు పైకి ఎత్తి మన చెవికి అందేలా చేసింది. మిగతా నక్షత్రధూళి ‘పాటలు’ చాలావరకు వేరు. వెలుగుని, రంగుని స్వరాలుగా మార్చి వాయిస్తారు. అందంగానే ఉంటాయి, కానీ అవి అనువాదాలు.

నిజంగా మైకుతో పట్టింది కావాలంటే అంగారకుడి గాలి వినండి. 2021 ఫిబ్రవరిలో పర్సెవరెన్స్ రోవర్ పంపింది. అక్కడ శబ్దం మనకన్నా నెమ్మదిగా, సెకనుకు సుమారు 240 మీటర్లు పోతుంది.

అసలు మీరు వినాల్సింది ఇంకొకటుంది. 1977లో వెళ్లిన రెండు వాయేజర్ నౌకల మీద బంగారు పూత పూసిన రాగి రికార్డు ఉంది, పన్నెండు అంగుళాలది. దాదాపు గంటన్నర సంగీతం, 27 పాటలు, వాద్యాలు. మన దేశం నుంచి ఒకే ఒక్క గొంతు, హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గారిది. భైరవి రాగం. మూడున్నర నిమిషాలు. వాయేజర్-1 సెప్టెంబరు 5న ఎగిరింది, ఆమె అదే నెల 16న కన్నుమూశారు.

ఆ రికార్డులో 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి. తెలుగు ఉంది. ఒడియా ఉంది. మరాఠీ ఉంది. నాసా 2015లో ఆ పలకరింపుల్ని ఆన్‌లైన్‌లో పెట్టింది, ఉచితంగా వినొచ్చు.

రాయగడ సీ షిఫ్టు · 9 డిసెంబరు, ఉదయం 6:55

రాత్రి టీ టైములో విన్నాను. తెలుగుది కొద్ది సెకన్లే. నమస్తే అని మొదలవుతుంది. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు. పక్కన నాతో పనిచేసే ఒడియా భాయి ఉన్నాడు, అతనికి ఒడియాది వినిపించాను. సూర్యుడి మూడో గ్రహం నుంచి విశ్వవాసులకి అభినందనలు అని ఉంది. మళ్లీ పెట్టమన్నాడు. మూడుసార్లు విన్నాడు.

మా రెండు భాషలకీ ఈ జిల్లాలో ఎన్ని తగువులు చూశామో మా నాన్న తరం వాళ్లకి తెలుసు. బోర్డుల మీద అక్షరాలకి, బడుల్లో మీడియానికి. అక్కడ ఒకే రేకు మీద ఉన్నాయి రెండూ.

సిరొంచ ఒడ్డు · 9 డిసెంబరు, రాత్రి 9:00

నేను మరాఠీది, తెలుగుది వరసగా పెట్టి అమ్మమ్మకి వినిపించా. ఇప్పుడు ఎక్కడుంది అది అని అడిగింది. వాయేజర్-1 అయితే 2500 కోట్ల కిలోమీటర్లు దాటి పోయింది, అక్కడి నుంచి కబురు రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది అని చెప్పా. 2026 నవంబరుకి సరిగ్గా ఒక కాంతి రోజు, అంటే కాంతి ఒక రోజులో పోయేంత దూరం అవుతుందట. ‘నా పెళ్లప్పుడు కాళేశ్వరం నుంచి కబురు రావడానికీ అంతే పట్టేది’ అన్నది.

చంద్రపూర్ బొగ్గుగని · 10 డిసెంబరు, రాత్రి 8:20

ఇక సినిమాలు. నేను ఎదురుచూసేవి రెండు. ఒకటి రాజమౌళి గారి వారణాసి. నవంబరు 15న రామోజీ ఫిల్మ్ సిటీలో పేరు, వీడియో విడుదల చేశారు, 2027లో వస్తుంది. ఆ వీడియోలో భూమి మీదకి వచ్చే గ్రహశకలం ఉంది, అంటార్కిటికా ఉంది, త్రేతాయుగం ఉంది. కాలాలు దాటే కథ అని అర్థమవుతోంది. కీరవాణి గారి సంగీతం. రెండోది హాలీవుడ్ వాళ్ల ప్రాజెక్ట్ హెయిల్ మేరీ, 2026 మార్చి 20. ఒంటరిగా అంతరిక్ష నౌకలో మెలకువ వచ్చిన సైన్సు టీచర్ కథ. ఆండీ వీర్ రాసిన పుస్తకం చదివాను, అందుకే ఆత్రం.

మన సినిమాల మీద నా కోరిక ఒకటే. అంతరిక్షంలో పేలుడు చూపించినప్పుడు చప్పుడు తీసేయండి. ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెడుతుంది. గనిలో బ్లాస్టింగుకి ముందు అందరం ఆగి నిలబడే ఆ క్షణం నాకు తెలుసు. చప్పుడు కన్నా అదే గుండెని పట్టుకుంటుంది.

బరంపురం రిపేరు షాపు · 10 డిసెంబరు, రాత్రి 9:45

బొగ్గుగని అన్నా, నేను ఒప్పుకోను. హాల్లో ముందు బెంచీ వాడు టికెట్టు కొనేది ఆ దద్దరిల్లే చప్పుడు కోసం. మన సినిమా పురాణంలోంచి వచ్చింది, పాఠంలోంచి కాదు. పుష్పక విమానానికి ఇంధనం ఏమిటని ఎవరూ అడగలేదు.

పర్లాకిమిడి హార్మోనియం · 11 డిసెంబరు, ఉదయం 7:40

మీ ఇద్దరి మాటా కలిసిన సినిమా ఒకటి 1991లోనే వచ్చింది కదా నాయనా. సింగీతం వారి ఆదిత్య 369. కాలయంత్రం ఎక్కి నేరుగా రాయలవారి కొలువుకే వెళ్లారు. సైన్సూ ఉంది, మన సభా సంగీతమూ ఉంది. ఇళయరాజా గారు పాతకాలపు కొలువుకి ఒక రకమైన వాద్యాలు, రాబోయే కాలానికి ఇంకో రకం వాడి తేడా చూపించారు. ఈ ఏప్రిల్ 4న మళ్లీ విడుదల చేస్తే మా పిల్లల్ని అయిదుగురిని తీసుకెళ్లాను. కాలం మారినప్పుడల్లా వాద్యాలు ఎలా మారుతున్నాయో రాసుకురమ్మన్నాను. ఇప్పుడొచ్చే వాటిలో అన్ని కాలాలకీ ఒకటే డప్పుల హోరు ఉంటోంది. రాబోయే సినిమాకి నేను కోరేది ఇదొక్కటే, యుగం మారితే ధ్వని మారాలి.

సిరొంచ ఒడ్డు · 11 డిసెంబరు, రాత్రి 8:10

మాకు తెలుగు సినిమా పెద్ద తెర మీద చూడాలంటే నది దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల పోవాలి. రానూపోనూ రోజంతా. అందుకే ఏడాదికి ఒకటో రెండో, బాగా ఆలోచించి ఎంచుకుంటాం. చప్పుడున్నా లేకున్నా 2027లో ఒకటి మాత్రం ఖాయం. వంతెన రాకముందు పడవల్లో వెళ్లి చూసి వచ్చేవాళ్లని అమ్మ చెబుతుంది.

కొరాపుట్ సైన్సు టీచర్ · 12 డిసెంబరు, సాయంత్రం 7:00

సినిమాలకి ఇంకా టైముంది, రేపు రాత్రి టికెట్టు లేని ఆట ఉంది. జెమినిడ్ ఉల్కాపాతం. డిసెంబరు 13 రాత్రి, లేదా 14 రాత్రి. పూర్తి చీకటి ఆకాశంలో గంటకు వంద దాటి కూడా రాలగలవు. చంద్రుడు అర్ధరాత్రి దాటాకే వస్తాడు. మేం దేవమాలి కొండ దగ్గరికి వెళ్తున్నాం, 1672 మీటర్లు, చలి గట్టిగా ఉంటుంది. మీరు మేడ మీదే చాప వేసుకోండి. ఫోన్ లోపల పెట్టేయండి, కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు కావాలి. దూరదర్శిని అక్కర్లేదు. గుణుపురం బాబూ, లెక్క నువ్వే రాయాలి.

చంద్రపూర్ బొగ్గుగని · 14 డిసెంబరు, ఉదయం 9:30

గని లైట్ల వెలుగు ఎక్కువ. రెండు గంటల్లో ఏడు. అందులో ఒకటి ఆకుపచ్చగా పోయింది.

సిరొంచ ఒడ్డు · 14 డిసెంబరు, ఉదయం 10:00

నది ఇసుక మీద పడుకున్నాం, పదకొండు నుంచి రెండు దాకా. 58 వరకు లెక్కపెట్టి ఆపేశా. తర్వాత ఊరికే చూశా.

గుణుపురం అమ్మ · 14 డిసెంబరు, ఉదయం 10:40

మావాడు 23 లెక్కపెట్టాడు. పలక మీద గీతలు గీశాడు, చీకట్లో గీసినందుకు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, పొద్దున విడదీసి లెక్క తేల్చాడు. పక్కింటి ఒడియా మావుసి కూడా దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెమ్మన్నాడు. తెర బోర్లించి పెట్టి ఆ పలకరింపులు వినిపించాడు, ముందు తెలుగుది, తర్వాత మావుసి కోసం ఒడియాది. మళ్లీ ఫోన్ లోపల పెట్టేసి వచ్చాడు.

19వ తేదీ రాత్రి కూడా మేడ మీదకి వెళ్దాం అంటున్నాడు. ఆ తోకచుక్క కంటికి కనిపించదని చెప్పాను. తెలుసు, అయినా అటువైపు చూస్తాను అన్నాడు. ఏ దిక్కుకి చూడాలో చెప్పండి టీచరుగారూ.